మూడో ఉరవడి

కళ్ళజోళ్ళ దుకాణం, మేడ మీది గది
జూన్ 9

ఒసేయ్ పశువుల డాక్టరూ,

నీ కొత్త ఊళ్ళో ఫోను పలకదని నువ్వు చెప్పినప్పుడు నమ్మలేదు. తప్పించుకోవడానికి చెప్తున్నావనుకున్నాను. నాలుగుసార్లు చేశాక నమ్మాను. పలికినా ఏం లాభంలే, మనిద్దరికీ ఫోన్లో ఏడవడానికే సరిపోతోంది. అందుకే ఈ ఉత్తరం. హాస్టల్ సెలవుల్లో రాసుకున్నాక మళ్ళీ ఇదే. అక్షరాలు కోడి కెలికినట్టున్నాయని నవ్వకు. కుడిచెయ్యి ఇంకా వణుకుతోంది. నిన్న ఒక పెద్దాయన కళ్ళజోడుకి ముక్కు దగ్గరి స్క్రూ బిగించడానికి ఇరవై నిమిషాలు పట్టింది. మూడుసార్లు జారి కింద పడింది. పాపం ఆయనే కళ్ళజోడు లేకుండా నేలంతా తడిమి వెతికిపెట్టాడు.

కాలు పరవాలేదు. కర్ర లేకుండా మెట్లు దిగుతున్నాను. తల మీద కుట్లు వేసిన చోట జుట్టు మొలుస్తోంది.

ఫిబ్రవరిలో ముగ్గురం వెళ్ళి ఇద్దరం వచ్చాం. నేను ఆసుపత్రి మంచం దిగేలోపు నువ్వు అడిగి మరీ బదిలీ చేయించుకుని వెళ్ళిపోయావు. మన వాగుడుకాయ రేడియో పోయింది, నువ్వూ పోయావు. ఒక్క పడవ ప్రయాణానికి ఇద్దరు స్నేహితురాళ్ళు ఖర్చయిపోయారు నాకు.

రేడియో కూతురు ప్రతి ఆదివారం వస్తోంది. నా చెయ్యి పైకి లేవదని జుట్టు దువ్వి జడ వేసి వెళ్తుంది. అచ్చం వాళ్ళమ్మలాగే నోరు ఆగదు. మొన్న వస్తూనే, "పిన్నీ, ఆ గైడు లైసెన్సు పీకేశారు! ఇంక జన్మలో పడవ ఎక్కలేడు. అమ్మ ప్రాణానికి ఆ మాత్రమైనా అయింది" అంది. సంతోషంగానే తలూపాను. అది వెళ్ళాక మాత్రం మనసు కుదురుగా లేదు.

ఎందుకో చెప్తాను. నాకు గుర్తున్న చివరి సంగతి ఆ రెండో రోజు పొద్దున. ఒక్క టెంట్‌లో ముగ్గురం ఇరుక్కుని పడుకున్నందుకు నీ మెడ పట్టేసింది. పొయ్యి మీద టీ మాడింది. రేడియో తన ఒత్తయిన జుట్టంతా హెల్మెట్‌లో కూరలేక తిట్టుకుంటోంది. గైడు వచ్చి మన లైఫ్ జాకెట్ల బకిల్సు ఒక్కొక్కటీ లాగి చూశాడు. అంతే. ఆ తర్వాత ఆసుపత్రి పైకప్పు.

ఈమధ్య ఇంకో ముక్క గుర్తొచ్చింది. ఈల. ఆగకుండా, పొడుగ్గా, ఎవరో ప్రాణం పెట్టి ఊదుతున్నట్టు. గైడు మెడలో వేలాడిన ఎర్ర ఈల అది. నీళ్ళలో పడ్డాక విన్నది కాదు. అది వినిపించేసరికి నా ముఖం ఇంకా పొడిగానే ఉంది.

మనం రాసిచ్చిన కాగితంలో "నది రాళ్ళ మీంచి దూకే ఉరవడి వస్తోందని గైడు హెచ్చరించలేదు" అని ఉంది. నా సంతకమూ ఉంది. ఆసుపత్రిలో నువ్వే నా వేళ్ళ మధ్య పెన్ను పెట్టావు. నువ్వు చెప్పావు గనక చదవకుండానే గీశాను. హెచ్చరించనివాడు ఈల ఎందుకు ఊదాడే?

జవాబు రాయి. పక్కన పెట్టి మర్చిపోకు.

నీ
అద్దాలు


పశువుల ఆసుపత్రి క్వార్టరు
జూన్ 16

అద్దాలమ్మా,

నీ కోడి కెలుకుడు కళ్ళకద్దుకుని చదివాను. ఇక్కడ నా రోగులెవరూ ఉత్తరాలు రాయరు. మొన్న ఒక గేదె మాత్రం తోకతో చెంప మీద సంతకం పెట్టింది. ఇంకా ఎర్రగానే ఉంది.

క్వార్టరంటే పెద్దగా ఊహించుకోకు. ఒక గది, ఒక వంటిల్లు, కిటికీ తీస్తే పేడ వాసన, మూస్తే మందుల వాసన. పొద్దున ఆరింటికే తలుపు దగ్గర జనం. తాళ్ళతో, తిట్లతో, కుంటే దూడలతో. పని ఎక్కువగా ఉంటే బాగుంటుంది. ఆలోచన రాదు.

ఈల సంగతి అడిగావు. అతను ఊదాడు, నిజమే. మనం పడ్డాక ఊదాడు. ఒడ్డున ఉన్నవాళ్ళని పిలవడానికి. నీ ముఖం పొడిగా ఉందంటున్నావు గానీ, తలకి అంత దెబ్బ తగిలిన మనిషికి తడేదో పొడేదో ఎలా తెలుస్తుందే? అలాంటి జ్ఞాపకాలు వరస తప్పి వస్తాయని డాక్టరు నీ ముందే చెప్పాడు కదా. ముందుది వెనక్కి, వెనకది ముందుకి.

రేడియో పాపని బాగా చూసుకో. అది నీ దగ్గరకి వస్తోందంటే నాకు ధైర్యంగా ఉంటుంది. బదిలీ గురించి దెప్పకు. ఆ ఊళ్ళో ఏ సందు తిరిగినా రేడియో గొంతే వినిపించేది.

మాత్రలు మానకు. గడిచినదాన్ని తవ్వకు.

నీ
డాక్టరు


కళ్ళజోళ్ళ దుకాణం
జూన్ 26

డాక్టరూ,

తవ్వొద్దన్నావు. తవ్వాను.

గైడు ఇల్లు కనుక్కున్నాను. టైర్ల దుకాణం వెనక ఒక్క గది. అతను ఇప్పుడు డిపోలో బస్సులు కడుగుతున్నాడు. నేను వెళ్ళేసరికి డ్యూటీ దిగి వచ్చి గుమ్మంలో కూర్చుని కాళ్ళు తుడుచుకుంటున్నాడు. రోజంతా నీళ్ళలో నానిన వేళ్ళు, తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

లోపల్నుంచి వాళ్ళావిడ వచ్చి నన్ను కిందనుంచి పైదాకా చూసి, "ఈవిడేనా?" అంది.

"నువ్వు లోపలికెళ్ళు" అన్నాడతను.

నా గురించి ఇంట్లో ఏదో మంచిగానే చెప్పి ఉంటాడనుకున్నాను. తనే కదా నన్ను నీళ్ళలోంచి లాగింది. కుర్చీ వేశాడు. నేను వెళ్ళిన పని నేరుగా చెప్పాను. "మీ లైసెన్సు పోయిందని విన్నాను. నాకెందుకో మీకు అన్యాయం జరిగిందనిపిస్తోంది. మీరు ఈల ఊదారు కదా?"

అతను కాళ్ళు తుడుచుకున్న గుడ్డ దండెం మీద ఆరేశాడు. తర్వాత, "ఊదానమ్మా" అన్నాడు.

"ఎప్పుడు? పడవ బోల్తా పడకముందా, తర్వాతా?"

"అదంతా అప్పుడే విచారణలో, లైసెన్సుల ఆఫీసులో చెప్పాను. రాసుకున్నారు. నమ్మలేదు. మళ్ళీ మీకు చెప్పి ఏం లాభం?"

"నేను నమ్ముతాను. చెప్పండి."

అప్పుడతను నా ముఖంలోకి పరీక్షగా చూశాడు. నేను రోజూ ఎంతోమంది కళ్ళలోకి దీపం వేసి చూస్తాను గానీ, నన్ను అలా ఎవరూ చూడలేదు. "మీకు నిజంగానే గుర్తులేదా అమ్మా?" అన్నాడు.

"లేదు."

"అయితే మంచిదే" అని లేచిపోయాడు. "చెయ్యి తగ్గిందా? వేళ్ళు ఆడుతున్నాయా? వేన్నీళ్ళలో పెట్టి మెల్లగా పిసుకుతూ ఉండండి" అని జాగ్రత్తలు చెప్పాడు. బయటిదాకా వచ్చి ఆటో పిలిచాడు. గుమ్మంలో వాళ్ళావిడ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. మంచినీళ్ళు కూడా అడగలేదు. పోనీలే, వాళ్ళ కష్టం వాళ్ళది.

ఇంతకంటే ఏం కావాలే? నేరం చేసినవాడు నా చేతి గురించి అడుగుతాడా? అతను ఎవరినో కాపాడుతున్నాడు. ఎవరినో నాకు తెలియదు, నీకు తెలుసు. మనం రాసిచ్చింది అబద్ధమైతే వెనక్కి తీసుకుందాం. నిజం రాయడానికి ఎంతసేపు పడుతుంది? ఒక కాగితం, రెండు సంతకాలు. నువ్వు సెలవు పెట్టి రా, ఇద్దరం కలిసి ఆఫీసుకి వెళ్దాం.

అద్దాలు


పశువుల ఆసుపత్రి
జూలై 3

అద్దాలూ,

నన్నడగకుండా అతని ఇంటికి ఎందుకు వెళ్ళావు?

నీకో అలవాటుంది. ఏదైనా తలకెక్కిందంటే పక్కవాళ్ళు ఏమైపోయినా పట్టించుకోవు. అది మంచిపనే అయి ఉండొచ్చు. అయినా పక్కవాళ్ళు పక్కవాళ్ళే కదా.

విచారణ అయిపోయింది. కాగితం నేను రాశాను, నువ్వు సంతకం పెట్టావు. ప్రభుత్వ ఉద్యోగం చేస్తున్న మనిషిని, అప్పుడు చెప్పింది ఇప్పుడు కాదంటే ఏమవుతుందో తెలుసా? నాకు సెలవు దొరకదు. దొరికినా రాను.

ఇంకోసారి ఆ ఇంటికి వెళ్ళకు. బతిమాలుతున్నాననుకో, బెదిరిస్తున్నాననుకో, నీ ఇష్టం.

– నేను


కళ్ళజోళ్ళ దుకాణం
జూలై 10

డాక్టరు గారికి,

నీ ఉద్యోగం గురించి చదివాక నాకు చాలా సంగతులు వరసలో పడ్డాయి.

మొన్న దుకాణంలో ఒకామె చెయ్యి జాచి కొత్త ఫ్రేము అడిగింది. ఆ చెయ్యి చూస్తుంటే నాకు ఇంకో చెయ్యి గుర్తొచ్చింది. రేడియో మణికట్టు పట్టుకుని పైకి లాగుతున్న చెయ్యి. రేడియో వెనక్కి గుంజుకుంటోంది. "వద్దే, వద్దే" అంటోంది. ఎవరో నవ్వుతున్నారు. దాని వెనక ఈల.

అది గైడు చెయ్యి కాదు. అతను పడవ వెనక చివర తెడ్డు పట్టుకుని ఉన్నాడు. మరి ఆ పడవలో ఇంకెవరున్నారు?

నువ్వే. దాన్ని లేపింది నువ్వు. పడవ కుదుపుకి అది నీళ్ళలో పడింది. దాని ప్రాణం పోయింది. నింద ఆ అమాయకుడి నెత్తిన పెట్టావు. తల పగిలి పడి ఉన్న నా వేళ్ళ మధ్య పెన్ను పెట్టి నన్ను కూడా అందులోకి లాగావు. ఆ తర్వాత ఊరు వదిలి పారిపోయావు. పాతికేళ్ళు ఒక్క దుప్పటి పంచుకున్న మనిషివి. నీ గేదెలు నయం.

ఈ ఆదివారం ఊరుకుంటాను. పై ఆదివారం రేడియో కూతురు మళ్ళీ వస్తుంది. దానికి చెప్పాలనుకుంటున్నాను. చెప్పేముందు నీ మాట వినాలని ఈ ఉత్తరం. నీకున్న గడువు పది రోజులు.


పశువుల ఆసుపత్రి
జూలై 17

అద్దాలూ,

పాపకి ఏమీ చెప్పకు. ఇది పూర్తిగా చదివేదాకా చెప్పకు. కూర్చుని చదువు.

ఆ పడవలో ఇంకెవరున్నారని అడిగావు. లెక్కలో ఒక మనిషిని మర్చిపోయావు. నువ్వూ ఉన్నావు.

ఆ చెయ్యి నీది.

ఇది నీకు ఎప్పటికీ చెప్పకూడదనుకున్నాను. ఇప్పుడు చెప్పక తప్పలేదు. నువ్వు అడిగావు గనక ఏదీ దాచకుండా చెప్తాను.

ఆ ప్రయాణం నీ ఆలోచన. నలభై అయిదేళ్ళు వచ్చాయి, ఇంకెప్పుడు చూస్తామని ఇద్దరి వెంటా పడ్డావు. రేడియో రానంది. ఈత రాదంది, నీళ్ళంటే కళ్ళు తిరుగుతాయంది. నువ్వు వాళ్ళింటికి వెళ్ళి దాని బట్టలు నువ్వే సర్దావు. ఆ పొద్దున టీ మాడటానికి కారణం తెలుసా? పొయ్యి దగ్గర అది నా చెయ్యి పట్టుకుని, "నాకు భయమేస్తోందే. రోడ్డు మీంచి వెళ్ళి అవతల ఒడ్డున మిమ్మల్ని కలుస్తాను. అద్దాలుతో చెప్తే ఊరుకోదు, నువ్వు చెప్పవే" అంది. నేను నీతో చెప్పలేదు. "ఒక్క గంటే కదే, సర్దుకో" అన్నాను. అది నా వాటా. రోజూ మోస్తున్నాను.

మొదటి ఉరవడి దాటాం. రెండోది దాటాం. రేడియో కళ్ళు మూసుకుని తాడు పట్టుకుని కూర్చుంది. నీకు ఊపొచ్చింది. మూడోదానికి ముందు నీళ్ళు కాస్త నెమ్మదించిన చోట గైడు గట్టిగా చెప్పాడు. "ఇది పెద్దదమ్మా. అందరూ కిందికి దిగి, పడవ మధ్యలో కూర్చోండి. తాడు వదలొద్దు. ఎవరూ లేవొద్దు." రెండుసార్లు చెప్పాడు. నేను దిగి కూర్చున్నాను. రేడియో దిగుతోంది. నువ్వు దాన్ని చూసి నవ్వావు. "ఇంత దూరం వచ్చి కళ్ళు మూసుకుంటావా? లే, ఒక్కసారి లేచి చూడు, ఏమీ కాదు" అని నువ్వు నిలబడి దాని మణికట్టు పట్టుకుని లాగావు. అది వద్దంది. ఈల అప్పుడు ఊదాడు. "కూర్చోండమ్మా, కూర్చోండి!" అని అరిచాడు. అది సగం లేచింది. పడవ ముందు భాగం దిగిపోయింది. అంతే.

అతను ముందు నిన్ను లాగాడు, నువ్వు దగ్గరగా ఉన్నావు గనక. దాన్ని పట్టుకునేసరికి ఆలస్యమైపోయింది.

సాయంత్రం ఆఫీసరు వచ్చి, ఇద్దరు ఎందుకు నిలబడ్డారని అడిగాడు. నువ్వు లోపల గొట్టాలు పెట్టించుకుని ఉన్నావు. బతకవన్నారు. వరండాలో రేడియో కూతురు నది ఒడ్డు నుంచి వచ్చిన తడి చెప్పులతోనే నిలబడి నా నోటివైపే చూస్తోంది. పోతున్నదాని మీద ఈ నింద కూడా ఎందుకనిపించింది. "అతను హెచ్చరించలేదు, వాళ్ళు తెలియక లేచారు" అన్నాను. అంత తొందరగా నోట్లోంచి వచ్చేసింది. నాలుగో రోజు నువ్వు కళ్ళు తెరిచావు. నువ్వు బతకడంతో నా అబద్ధం కూడా బతికిపోయింది.

ఊరు వదిలి పారిపోయానన్నావు. అవును. నీ ముఖం చూస్తే ఏదో ఒక రోజు చెప్పేస్తానని పారిపోయాను.

ఇప్పుడు నీకు తెలిసింది. ఇంక నువ్వు చేసేదేమీ లేదు. ఆ పిల్లకి అమ్మ లేదు, పిన్ని ఉంది. దాన్ని కూడా లాక్కోకు. ఈ ఉత్తరం చింపెయ్.

– డాక్టరు


కళ్ళజోళ్ళ దుకాణం
సెప్టెంబర్ 2

నీకు,

చింపలేదు.

ఆరు వారాలు ఏం చేశానని అడుగుతావేమో. మొదటి వారం నువ్వు అబద్ధం చెప్తున్నావనుకున్నాను. రెండో వారం ఆ "అయితే మంచిదే" గుర్తొచ్చింది. "ఈవిడేనా" కూడా. అతని ఇంట్లో కూర్చుని, అతనికి న్యాయం చేస్తానని, అతని ముఖం మీదే చెప్పాను నేను. చెప్తుంటే అతను విన్నాడు. ఆటో పిలిచాడు. ఆ తర్వాత కొన్నాళ్ళు దుకాణం తెరవలేదు.

నిలబడ్డది ఇప్పటికీ గుర్తు రావడం లేదు. ఎంత ప్రయత్నించినా ఆ చెయ్యి దగ్గరే ఆగిపోతుంది. అది నా చెయ్యని తెలిశాక, చూసిన ప్రతిసారీ నాదిలాగే ఉంది.

పాపకి చెప్పేశాను. వద్దన్నావు, తెలుసు. ఆదివారం వచ్చి జుట్టు దువ్వుతుంటే అద్దంలో దాని ముఖం చూస్తూ చెప్పాను. నువ్వు రాసింది రాసినట్టు చెప్పాను. దువ్వెన ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది. జడ మొత్తం అల్లి, చివర రబ్బరు బ్యాండు వేసి, దువ్వెనలో చిక్కుకున్న వెంట్రుకలు తీసి చెత్తబుట్టలో వేసి వచ్చి నిలబడింది.

"ఈత రాదని అమ్మ మీకు చెప్పిందా?" అంది.

"చెప్పింది."

"భయమని చెప్పిందా?"

"చెప్పింది."

"సరేనండి" అంది. సంచీ తగిలించుకుని వెళ్ళిపోయింది. పుట్టిన దగ్గర్నుంచి నన్ను "నువ్వు" అన్న పిల్ల. ఏడ్చినా బాగుండేది. తిట్టినా బాగుండేది.

తర్వాత ఆ ఆఫీసుకి వెళ్ళాను. ఆఫీసరు ఓపిగ్గానే విన్నాడు. "మీరు లేచి నిలబడటం మీకు గుర్తుందా?" అన్నాడు. లేదన్నాను. "ఆయన హెచ్చరించడం గుర్తుందా?" ఈల గుర్తుందన్నాను. "తలకి దెబ్బ తగిలిందని ఫైల్లో ఉంది. అప్పుడు ఒకటి రాసిచ్చారు, ఇప్పుడు ఇంకోటి చెప్తున్నారు. ఏది తీసుకోమంటారు? ఇంతకీ ఇదంతా మీకెవరు చెప్పారు?" అన్నాడు.

"నా స్నేహితురాలు ఉత్తరం రాసింది."

"అయితే ఆవిడని వచ్చి చెప్పమనండి. లేదా ఆ ఉత్తరమైనా ఇవ్వండి."

ఉత్తరం నా చేతిసంచీలోనే ఉంది. జిప్పు మీద చెయ్యి పెట్టుకుని, ఇంట్లో ఉందని చెప్పాను.

చూశావా, నేరం చేసింది నేను. ఒప్పుకునే అర్హత కూడా నాకు లేదు. నీ నోటితో నువ్వు చెప్తే తప్ప అతను బస్సులు కడుగుతూనే ఉంటాడు. రా. నీ ఉద్యోగం సంగతి నాకు తెలుసు. అయినా రమ్మంటున్నాను. నెలాఖరు దాకా ఎదురుచూస్తాను.

– నేను


పశువుల ఆసుపత్రి
సెప్టెంబర్ 25

అద్దాలూ,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. జవాబు నాలుగుసార్లు మొదలుపెట్టాను. రెండు నిన్ను తిడుతూ, రెండు బతిమాలుతూ. నాలుగూ పొయ్యిలోకి వెళ్ళాయి.

నిన్న పొద్దున ఒక దూడ నా చేతుల్లోనే పోయింది. దాని యజమాని ముసలాయన. నా ముందు చేతులు జోడించి, "ఆలస్యంగా తోలుకొచ్చానా డాక్టరమ్మా? నాదేనా తప్పు?" అన్నాడు. అవునంటే సరిపోయేది. ఎవరూ అడిగేవాళ్ళు లేరు. "కాదు తాతా. మీరు వేళకే వచ్చారు. నేనే జబ్బు తప్పుగా అనుకుని వేరే మందు వేశాను" అన్నాను. ఆయన తిడతాడనుకున్నాను. "ఒప్పుకున్నావు, అంతే చాలు" అని దూడని బండిలో వేసుకుని వెళ్ళిపోయాడు. నేను ఆ గచ్చు మీదే చాలాసేపు కూర్చున్నాను. ఇంత చిన్న మాటా, ఏడు నెలలుగా నా గొంతులో అడ్డం పడింది అనిపించింది.

వస్తున్నాను. అక్టోబర్ ఆరున సెలవు దొరికింది. ఆఫీసులో నా నోటితో నేనే చెప్తాను. ఎవరో పట్టుకుంటే ఒప్పుకోవడం వేరు, మనంతట మనం వెళ్ళి చెప్పడం వేరు కదా. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తర్వాత చూద్దాం. ముందు పాప దగ్గరకి ఇద్దరం కలిసి వెళ్దాం. నా వాటా నేను దానితో చెప్పుకోవాలి.

స్టేషన్‌కి రా. ఆ కాలుతో మెట్లెక్కకు, కింద బల్ల దగ్గర కూర్చో. నేనే వస్తాను. నీ చేత్తో చేసిన టీ తాగి ఎన్నాళ్ళయిందో.

నీ
డాక్టరు


కళ్ళజోళ్ళ దుకాణం
సెప్టెంబర్ 26

డాక్టరు గారికి,

నెలాఖరు దాకా చూస్తానన్నాను. ఉండలేకపోయాను. మూడు వారాలు నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క లేదు. ఆదివారాలు ఇక్కడికి ఎవరూ రావడం లేదు. జుట్టు పొట్టిగా కత్తిరించేసుకున్నాను.

నువ్వు రావు. నాకు అర్థమైంది. నీ స్థానంలో ఉంటే నేనూ రానేమో.

ఇవాళ పదకొండు గంటలకి నీ జూలై ఉత్తరం ఆఫీసులో ఇచ్చేశాను. ఆఫీసరు చదివి, నకలు తీయించి, అసలుది ఫైల్లో పెట్టాడు. రసీదు ఇచ్చాడు. నీకు నోటీసు వస్తుంది. అది అకస్మాత్తుగా అందకూడదని ఇది రాస్తున్నాను.

క్షమించమని అడగను. అడిగే ముఖం లేదు.


పశువుల ఆసుపత్రి
అక్టోబర్ 1

నీకు,

నీ ఉత్తరం, ఆఫీసు నోటీసు ఒకే రోజు అందాయి. నా ఉత్తరం కూడా నీకు చేరే ఉంటుంది.

"సాక్ష్యం బయటపడినందున హాజరై సంజాయిషీ ఇవ్వాలి" అని ఉంది నోటీసులో. నేనే వస్తున్నానని ఇంక ఎవరితో చెప్పినా నవ్వుతారు. మా పైఅధికారికి చెప్పాను. నవ్వాడు.

ఎదుటి మనిషి తనంతట తను లేచేదాకా నువ్వు ఏనాడూ ఆగలేదు.

ఆరో తేదీన వస్తాను. లాడ్జిలో దిగుతాను. స్టేషన్‌కి రాకు.


కళ్ళజోళ్ళ దుకాణం
అక్టోబర్ 8

డాక్టరూ,

దీనికి జవాబు రాయకపోయినా పరవాలేదు. చదవకపోయినా పరవాలేదు. నువ్వు ఆఫీసరు గదిలో ఉన్నప్పుడు బయట జరిగింది, నువ్వు వెళ్ళిపోయాక జరిగింది నీకు తెలియదు గనక రాస్తున్నాను.

వస్తున్నానని నువ్వు రాసిన ఉత్తరం కవరు మీది ముద్ర చూశాను. సెప్టెంబర్ ఇరవై అయిదు. నేను ఆఫీసు మెట్లెక్కడానికి ముందు రోజు. కవరు పట్టుకెళ్ళి ఆఫీసరుకి చూపించాను. "ఈవిడ తనంతట తనే రావాలనుకుంది సార్, నేనే తొందరపడ్డాను. అది కూడా రాసుకోండి" అన్నాను. ఆయన కవరు తిప్పి చూసి వెనక్కి ఇచ్చేశాడు. "తేదీలతో నాకు పనిలేదమ్మా. ముందు ఏది నా బల్ల మీదికి వచ్చిందో అదే ఫైలు" అన్నాడు.

నిన్ను సస్పెండు చేశారని నిన్న తెలిసింది. నా మీద ఏం పెట్టాలో పైవాళ్ళు తేలుస్తారట. గైడుకి లైసెన్సు తిరిగి ఇస్తారు, ఈ నెలలోనే. అతను డిపోలో ఇంకా చెప్పలేదట. "కాగితం చేతికొచ్చాక చెప్తానమ్మా. ఇంతకుముందు ఒకసారి నిజం చెప్పి చూశాను కదా" అన్నాడు.

లైసెన్సు వచ్చాక మళ్ళీ నది మీదికి వెళ్తారా అని అడిగాను. "వెళ్ళకేం చేస్తానమ్మా, నాకు వచ్చిన పని అదొక్కటే" అన్నాడు. మళ్ళీ తనే, "మూడో ఉరవడి దగ్గర మాత్రం అందరినీ దింపి, ఒడ్డు మీంచి నడిపించి తీసుకెళ్తాను" అన్నాడు.

పాప కూడా వచ్చింది, నువ్వు చూడలేదు. గేటు బయట నిలబడి ఉంది. నేను దగ్గరకి వెళ్తే, "డాక్టరాంటీ అంతా చెప్పేసిందా అండీ?" అంది. చెప్పిందన్నాను. రోడ్డు దాటి వెళ్ళిపోయింది. నిన్ను ఆంటీ అంది. నన్ను ఏమీ అనలేదు.

ఇంక ఆఫీసు వరండాలో ఆ బల్ల సంగతి. నువ్వు వరండాలోకి వచ్చినప్పుడు నేను ముందే ఆ చివర కూర్చుని ఉన్నాను. నీకోసం జరిగాను కూడా. నువ్వు చూశావు. చూసి రెండో చివర కూర్చున్నావు. జుట్టు నెరిసింది నీకు. చేతి మీద గేదె కొమ్ము గీరిన గీత ఒకటి, కొత్తది. అడగాలనిపించింది. తర్వాత అతను డిపో బట్టల్లోనే వచ్చి, అక్కడ ఇంకో చోటు లేక మనిద్దరి మధ్య కూర్చున్నాడు. మనం ముగ్గురం ఒకచోట కూర్చోవడం ఆ పడవ తర్వాత అదే మొదటిసారి.

పాపం, అతనికి ఆ మౌనం ఇబ్బందిగా ఉన్నట్టుంది. ఏదో ఒకటి మాట్లాడాలని ఒకసారి నీ వైపు, ఒకసారి నా వైపు చూసి, "ఇద్దరూ కలిసే వచ్చారా అమ్మా?" అన్నాడు.

ఇద్దరం ఒకేసారి "లేదు" అన్నాం.

అతని గురించి మనిద్దరం కలిసి ఒక అబద్ధం రాసిచ్చాం. అతని ముందు మనిద్దరం కలిసి చెప్పిన నిజం అదొక్కటే.

– అద్దాలు